వేడిలో టమాటా జన్యువులు – 4వ పాఠం: సీటీ విలువలను చదవడం

గత పాఠంలో ఆకు నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని డీఎన్‌ఏ ప్రతిగా మార్చుకున్నాం. ఇప్పుడు రియల్ టైమ్ పీసీఆర్ (డీఎన్‌ఏ ప్రతులను చక్రాలవారీగా పెంచుతూ, వెలుగు ద్వారా కొలిచే పద్ధతి) ఇచ్చే సీటీ విలువల వంతు. వెలుగు సంకేతం నిర్ణీత గీతను దాటడానికి ఎన్ని చక్రాలు పట్టాయో సీటీ చెబుతుంది. ప్రతులు ఎక్కువుంటే గీత త్వరగా దాటుతుంది కనుక, సీటీ తగ్గితే జన్యువు పని పెరిగినట్టు. ఈ తలకిందుల సంబంధం బాగా వంటబట్టాకే ముందుకు సాగండి.

మనం కొలిచేది ఒక ఉష్ణాఘాత ప్రోటీన్ (వేడికి చెదిరిన ప్రోటీన్లను సరిచేసే హెచ్‌ఎస్‌పీ) జన్యువును. మామూలు వేళల్లో హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 ప్రోటీన్లు హెచ్‌ఎస్‌ఎఫ్ అనే నియంత్రకాలను అదుపులో ఉంచుతాయి. వేడికి కణంలోని ప్రోటీన్ల మడతలు చెదరగానే ఈ హెచ్‌ఎస్‌పీలు మరమ్మతుకు వెళ్తాయి. విడుదలైన హెచ్‌ఎస్‌ఎఫ్‌లు ఉష్ణాఘాత జన్యువులను మేల్కొలుపుతాయి. టమాటాలో ఈ పనికి నాయకత్వం హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ1ఏది.

లెక్క నేర్చుకోవడానికి ఈ అంకెలు తీసుకుందాం. మామూలు మొక్కలో మన జన్యువు సీటీ 27, ప్రామాణిక జన్యువు (వేడికి మారదని భావించి పోలికకు తీసుకునే జన్యువు) సీటీ 20, తేడా 7. వేడి తగిలిన మొక్కలో 22, 21, తేడా 1. రెండో తేడాలోంచి మొదటిది తీసివేస్తే –6. ప్రతి చక్రంలో ప్రతులు రెట్టింపవుతాయి కనుక 2ను ఆరుసార్లు గుణించండి: 64 రెట్లు. ప్రామాణిక జన్యువును పట్టించుకోకుంటే 32 రెట్లే అనిపించేది. 2001లో లివాక్, ష్మిట్‌జెన్ వివరించిన పద్ధతి ఇదే.

ప్రామాణిక జన్యువే వేడికి మారితే ఈ లెక్కంతా కూలిపోతుంది. అందుకే ఒక్కదాన్ని నమ్మకండి, కనీసం రెండు పెట్టుకోండి. రెండు మొక్కల ఆకులనూ ఒకే వేళకు కోయండి. చాలా జన్యువులు పగలు, రాత్రి కూడా మారుతుంటాయి.

64 రెట్లు అనగానే మొక్క వేడిని తట్టుకుంటుందని రాసేయడం నాకు చాలా బాధ కలిగించే తొందరపాటు. ఆ మొక్కలో ప్రోటీన్లు ఎక్కువ దెబ్బతిని ఉండవచ్చు. పైగా కాయ పట్టడం పుప్పొడి మీద ఆధారపడి ఉంటుంది. ఆకు అంకె పుప్పొడి గురించి చెప్పదు.

అభ్యాసం: అదే జన్యువు, మరో రకం టమాటా. మామూలు మొక్కలో సీటీ 26, ప్రామాణికం 20. వేడిలో 22, 20. పెరుగుదల ఎన్ని రెట్లు? ఇది మొదటి రకం కంటే బలహీనమని చెప్పవచ్చా? జవాబు రాసేముందు, వేడి తగలకముందే ఏ రకంలో ఈ జన్యువు ఎక్కువగా పనిచేస్తోందో లెక్కించండి.