వనామి రొయ్య రక్తంతో నేటివ్ మాస్ స్పెక్: ఆరు ముక్కల ప్రోటీన్‌ని విడిపోకుండా తూకం వేయడం

నేటివ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే ప్రోటీన్‌ని దాని సహజ రూపం చెడకుండా ఛార్జి ఎక్కించి తూకం వేయడం, నేర్చుకోవాలంటే ఖరీదైన ప్రోటీన్ కొనక్కర్లేదు, భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదైనా దొరికే వనామి రొయ్య చాలు. దాని రక్తంలో ఉండే ప్రోటీన్‌లో ఎక్కువ భాగం హీమోసయనిన్, రాగితో ఆక్సిజన్‌ని మోసేది. అందులో ఒక్కో ముక్క, అంటే సబ్‌యూనిట్, సుమారు 75 కిలోడాల్టన్లు (అణువుల బరువుకి వాడే కొలత), ఆరు కలిస్తే 450.

పట్టుబడి రోజు ఐస్ డబ్బాతో వెళ్లి, బతికున్న రొయ్యకి పొట్ట వైపు మొదటి కణుపు దగ్గర సన్న సూదితో రక్తం లాగండి. గాలి తగిలాక లేత నీలం తిరుగుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. గడ్డకట్టకుండా సిట్రేట్ కలపాలనిపిస్తుంది గానీ వద్దు, అది కాల్షియాన్ని లాగేస్తుంది, ఆ ఆరింటినీ కలిపి ఉంచడంలో కాల్షియం పాత్ర పెద్దది. గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన సీరం తీసుకోండి.

అసలు పని ఉప్పు వదిలించడం. నేను మొదటిసారి రెండుసార్లు కడిగి సరిపోయిందనుకున్నాను, సోడియం అంటుకుని పీకులన్నీ (గ్రాఫ్‌లో లేచే మొనలు) కలిసిపోయి ఒక గుట్టలా వచ్చింది. 100 కిలోడాల్టన్ల ఫిల్టర్‌లో, 200 మిల్లీమోలార్ అమ్మోనియం అసిటేట్‌తో, చల్లగా ఉంచి, కనీసం ఐదారు సార్లు కడగండి. ఈ ఉప్పే ఎందుకంటే, మెషీన్‌లో అది అమ్మోనియా, అసిటిక్ ఆమ్లంగా ఆవిరైపోతుంది, ప్రోటీన్ మిగులుతుంది.

బంగారు పూత ఉన్న గాజు సూదిలో రెండు మైక్రోలీటర్లు చాలు. స్ప్రే ఎంత తక్కువ వోల్టేజీలో నిలబడితే అంత మంచిది. మెషీన్ 10,000 ఎం బై జెడ్ (బరువుని ఛార్జితో భాగిస్తే వచ్చేది) దాటి చూడగలగాలి, సీసియం అయొడైడ్‌తో కాలిబ్రేట్ చేయండి.

మాటవరసకి పక్కపక్క పీకులు 9001, 9184.7 అనుకోండి. చిన్నదాంట్లోంచి 1 (ప్రోటాన్ బరువు) తీసేసి, తేడా 183.7తో భాగిస్తే 49, అది పెద్ద పీకు ఛార్జి. 9184.7లోంచి 1 తీసి 49తో గుణిస్తే సుమారు 4,50,000, అంటే ఆరూ కలిసే ఉన్నాయి.

ఇప్పుడు ప్రోటీన్‌ని గ్యాస్ అణువులతో ఢీకొట్టించే కొలిజన్ వోల్టేజీ మెల్లగా పెంచండి. ఒక సబ్‌యూనిట్ విప్పుకుని ఎక్కువ ఛార్జి పట్టుకుని ఊడిపోతుంది, మిగతా ఐదూ తక్కువ ఛార్జితో కుడివైపు దూరంగా కనిపిస్తాయి. విడి సబ్‌యూనిట్ల కచ్చితమైన బరువు కోసం ఇంకో వంతు శాంపిల్‌ని ఫార్మిక్ ఆసిడ్, అసిటోనైట్రైల్‌లో విప్పేసి చూడండి. ఒకటి కంటే ఎక్కువ రకాలు కనిపిస్తే కంగారు పడకండి, రొయ్యలో అది మామూలే. ట్యూబు మీద మాత్రం చెరువు, తేదీతో పాటు మోల్టింగ్‌లో (పెంకు విడిచే దశలో) ఉన్న రొయ్యో కాదో రాయండి, ఆ దశని బట్టి రక్తంలో హీమోసయనిన్ మోతాదు మారుతుంది.