పండుగ చాక్లెట్లు: వరంగల్ ఎండల్లో ఎప్పుడు కొనాలి, ఎంత కొనాలి

చాక్లెట్ ధర బాగా తగ్గే రోజులూ, ఇంట్లో నిల్వ పెట్టుకోగలిగే రోజులూ వరంగల్‌లో ఒకటి కావు. ఫిబ్రవరి 14 దాటగానే ఎర్ర గుండె బొమ్మల డబ్బాలు చవకగా దొరుకుతాయి. తర్వాత రాఖీ దాకా వాటిని అడిగేవాళ్లుండరు కాబట్టి సూపర్‌మార్కెట్లు వదిలించుకోవాలనే చూస్తాయి. కానీ శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది, ఆ వెనకే ఎండలు. దీపావళికి అమ్ముడుపోని మిగులు ధర అంతగా తగ్గకపోయినా, ఆ తర్వాత నాలుగు చల్లని నెలలున్నాయి. నిల్వకు కొనాలంటే దీపావళి, క్రిస్మస్ మిగులే కొనండి. ఫిబ్రవరి మిగులు రెండు మూడు వారాల్లో తినేసేంత మాత్రమే తీసుకోండి.

రాఖీ డబ్బాల సంగతి కొంచెం వేరు. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల పండుగలు ఆలస్యంగా వస్తాయి: రాఖీ పున్నమి ఆగస్టు 28, దీపావళి నవంబర్ 8. మధ్యలో సద్దుల బతుకమ్మ, దసరా ఉన్నాయి. అందుకే మామూలు గిఫ్ట్ డబ్బా రాఖీ అయిపోయినా ధర తగ్గదు, అదే డబ్బా దసరాకూ దీపావళికీ అమ్ముడుపోతుంది. పైన రాఖీ బొమ్మ అచ్చేసిన అట్ట తొడుగు ఉన్నవీ, లోపల రాఖీ పెట్టి అమ్మేవీ మాత్రమే మర్నాటి నుంచి దిగుతాయి. వాటినే వెతకండి. తొడుగు తీసేస్తే లోపలిది చాలాసార్లు ఆ మామూలు డబ్బాయే.

క్రిస్మస్‌కు కాజీపేట ఫాతిమానగర్ వైపు బేకరీల్లో ప్లమ్ కేకులదే రాజ్యం. చాక్లెట్‌లో శాంటా బొమ్మలు, బంగారు కాగితం నాణేలు వస్తాయి. బొమ్మ లోపల బోలుగా ఉంటుంది, చూడటానికి పెద్దది, తూకానికి చిన్నది. మిగులులో కొనేటప్పుడు మెల్లగా ఊపి చూడండి, ముక్కలు గలగలమంటే వదిలేయండి. ఈస్టర్ గుడ్లు మన దగ్గర అరుదు. హైదరాబాద్ నుంచి తెప్పించినా పల్చటి పెంకు మార్చి, ఏప్రిల్ ఎండలో దారిలోనే వంగిపోతుంది.

గిఫ్ట్ డబ్బా ధరను గ్రాముల్లోకి మార్చి చూడాలి. ఉదాహరణకు 200 రూపాయల డబ్బాలో 120 గ్రాములుంటే గ్రాముకు దాదాపు 1.67 రూపాయలు. అదే రకం విడి బార్ 45 గ్రాములు 40 రూపాయలైతే గ్రాముకు 89 పైసలు. అంటే ఆ డబ్బా 107 రూపాయలకు దిగితే గానీ విడి బార్‌తో సమానం కాదు. '30 శాతం తగ్గింపు' బోర్డు పెట్టినా మీరు అట్టకే పైసలు కడుతున్నట్టు. ఎమ్మార్పీ పక్కనే గ్రాము ధర కూడా అచ్చు వేయాలన్న నిబంధన ఉంది, కాబట్టి చాలా ప్యాకెట్ల మీద ఈ లెక్క కట్టే పని కూడా లేదు, చూసుకుంటే చాలు. ఇంకో మాట: 2025 సెప్టెంబర్ 22 నుంచి చాక్లెట్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు ధరతో పోల్చి దుకాణంవాళ్లు తగ్గించారనుకోవద్దు.

ధర స్టిక్కర్‌నూ గమనించండి. కంపెనీ ధర తగ్గించి కొత్త స్టిక్కర్ అతికించవచ్చు, కానీ పాత ఎమ్మార్పీ దాని కింద కప్పబడకూడదు. కప్పేసిన స్టిక్కరైతే కొనకండి. ఎమ్మార్పీకన్నా ఎక్కువ తీసుకున్నా, గడువు తీరినది అంటగట్టినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు, ప్యాకెట్ ఫొటో దగ్గరుండాలి.

కొనేముందు చేతితో చూడాల్సినవి

మొదట తేదీ. రకరకాల చాక్లెట్లు కలిపిన డబ్బాలో లోపలి ఒక్కో బార్‌కూ విడిగా తేదీ ఉంటుంది. అన్నిటికన్నా ముందు తీరేదే మీ గడువు. జీడిపప్పు, బాదం, వేఫర్ ఉన్నవి ముందు పాడవుతాయి, ఎందుకంటే గింజల నూనె ముక్కవాసన పడుతుంది, వేఫర్ మెత్తబడుతుంది. పాలు లేని డార్క్ చాక్లెట్ అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. నిల్వకు కొంటే కనీసం ఐదు నెలల గడువు మిగిలి ఉండాలి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, ఇంటికి చేరేసరికి 30 శాతం గడువో, కనీసం 45 రోజులో మిగిలి ఉండేట్టు చూడాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబర్‌లో అమ్మకందారులకు చెప్పింది.

తర్వాత గాట్లు. రేపర్ మీద నుంచి వేలితో తడిమితే బార్ మీది గళ్లు తెలియాలి. అంచులు మొండిగా, గళ్లు చదునుగా అనిపిస్తే అది ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడింది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర పూర్తిగా కరుగుతుంది, పాల చాక్లెట్ 30 లోపే మెత్తబడుతుంది. కరిగినది తనంతట తాను గట్టిపడితే కొవ్వు స్ఫటికాలు సరైన రూపంలో కట్టవు. విరిస్తే టక్కుమనదు, పైన బూడిదరంగు పొర లేస్తుంది, నాలుక మీద ఇసకగా తగులుతుంది. తింటే ప్రమాదం లేదు, రుచే ఉండదు. నూగులాగా లేచి ఉంటే మాత్రం అది బూజు, పారేయాల్సిందే.

మూడోది సన్నటి రంధ్రాలు. గల్లీ కిరాణంలో చాక్లెట్ జాడీ పక్కనే బియ్యం, పప్పు బస్తాలుంటాయి. ధాన్యంలో పుట్టే చిమ్మట పురుగు పల్చటి రేపర్‌ను తొలుచుకుని లోపలికి పోగలదు. సూదిమొనంత రంధ్రం, సాలెగూడులాంటి దారాలు కనబడితే ఆ పెట్టెలోది ఇంకోటి కూడా తీసుకోవద్దు. ఇంట్లోనూ అంతే, బియ్యం డబ్బా ఉన్న గదిలో చాక్లెట్ పెట్టకండి.

పేరు కూడా చదవండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం చాక్లెట్‌లో కోకో వెన్న కాకుండా ఇతర మొక్కల కొవ్వు 5 శాతం దాటకూడదు, కలిపితే ఆ సంగతి రాయాలి. అంతకు మించితే అది కాంపౌండ్. 'చోకో కోటెడ్', 'చాక్లెటీ' అన్న మాటలు కనిపిస్తే అలాంటిదే అనుకోవచ్చు. నోట్లో మైనంలా జారుతుంది. కానీ మే నెలలో పిల్లల పుట్టినరోజుకు బడిలో పంచాలంటే అదే నయం, ఎందుకంటే ఎక్కువ వేడికి గానీ కరగదు.

ఎంత, ఎక్కడ పెట్టాలి

నలుగురున్న ఇల్లు, మనిషికి 10 గ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు అనుకుంటే వారానికి 120 గ్రాములు. దీపావళి నుంచి శివరాత్రి దాకా 17 వారాలకు రెండు కిలోలు. అంతకు మించి కొంటే మిగిలినది వేసవిలోకి పోతుంది, తగ్గింపులో ఆదా చేసిన పైసలు అక్కడ పోతాయి.

డిసెంబర్, జనవరిలో ఫ్రిజ్ అక్కర్లేదు. ఎండ తగలని లోపలి గదిలో, వంటింటికీ దేవుడి గూటికీ దూరంగా, మూత గట్టి స్టీల్ డబ్బాలో పెట్టండి. అగరుబత్తి, సబ్బు, ఉల్లిగడ్డ వాసన చాక్లెట్ ఇట్టే పట్టేస్తుంది. చాక్లెట్‌కు మంచిది 15 నుంచి 18 డిగ్రీలు. ఆ నెలల్లో లోపలి గది అంత చల్లగా లేకపోయినా చాక్లెట్ మెత్తబడేంత వేడెక్కదు.

శివరాత్రి తర్వాత ఫ్రిజ్ తప్పదు. బార్‌ను రేపర్‌తోనే జిప్ కవర్‌లో, ఆ కవర్‌ను గట్టి మూత డబ్బాలో పెట్టి మధ్య అరలో ఉంచండి. తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది, కూరగాయల డ్రాయర్‌లో తేమ ఎక్కువ. చల్లటి చాక్లెట్‌ను అప్పటికప్పుడు విప్పితే గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. ఆ నీటికి చక్కెర కరిగి, ఆరాక తెల్లటి గరుకు పొరగా మిగులుతుంది. అందుకే తినేంత మాత్రమే తీసి, కవర్ విప్పకుండా 10–15 నిమిషాలు ఆగండి. డబ్బా మొత్తం బయటికి తీసి మళ్లీ లోపల పెట్టడమే అసలు చెడగొట్టేది.

ఏప్రిల్, మే నెలల్లో కొనాల్సి వస్తే ఏసీ దుకాణంలో, అద్దాల ఫ్రిజ్‌లో నుంచి తీసిచ్చేదే కొనండి. డెలివరీ యాప్‌లో మధ్యాహ్నం ఆర్డర్ పెట్టకండి, పొద్దున తొమ్మిదిలోపు పెట్టండి. ఆర్టీసీ కార్గోలో ఊరికి పంపడం ఈ రెండు నెలలూ మానుకోండి, బస్సు సామాన్ల అరలో వేడి బయటికన్నా ఎక్కువ.

గల్ఫ్ నుంచి వచ్చేవి

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లకు పండుగకన్నా మనిషి రాకతోనే చాక్లెట్ వస్తుంది. తెచ్చేవాళ్లకు ముందే చెప్పండి: చెక్ ఇన్ పెట్టెలో కాదు, చేతి సంచిలో పెట్టమనండి. శంషాబాద్‌లో దిగాక కారు డిక్కీలో వేస్తే ఇల్లు చేరేలోపే ముద్దవుతుంది, సీటు దగ్గర ఏసీలో పెట్టాలి. ప్యాకెట్ మీద తయారీ తేదీ, గడువు తేదీ పక్కపక్కనే ఉంటాయి, మొదటిదాన్ని చూసి పాతదని పారేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి సరుకే ఇక్కడి దుకాణాల్లోనూ కనబడుతుంది. సక్రమంగా దిగుమతైనదానికి దిగుమతిదారు పేరు, 14 అంకెల లైసెన్స్ నంబర్, ఆకుపచ్చ లేదా గోధుమరంగు గుర్తు, రూపాయల్లో ఎమ్మార్పీ ఉండాలి. అవి లేకపోతే ఎవరి బ్యాగులోనో వచ్చినట్టే, పాడైతే అడగడానికి మనిషి దొరకడు.

ఇంత చేసినా కొంత చాక్లెట్‌కు పొర కడుతుంది. దాన్ని పాలల్లో వాడేయండి: 200 మిల్లీలీటర్ల వేడి పాలకు 25 గ్రాములు, చక్కెర వేయకుండా. కేకు పైన పోయడానికి కరిగించాలంటే వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, పొయ్యి మీద నేరుగా వద్దు. చెమ్చా పొడిగా ఉండాలి. ఒక్క నీటిచుక్క పడినా మొత్తం పిండిముద్దలా గట్టిపడుతుంది. పడితే కంగారు వద్దు, వేడి పాలు కొద్దికొద్దిగా పోసి కలిపితే కేకు మీద పోయడానికి కాకపోయినా బ్రెడ్డు మీద పూసుకోవడానికి పనికొస్తుంది.