పాత కంప్యూటర్‌కు నిలకడైన లినక్స్‌ను ఎంచుకోవడం ఎలా?

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయి ఉండాలి. హనుమకొండ, వరంగల్, కాజీపేట ఇళ్లలో, హాస్టల్ గదుల్లో, జిరాక్స్ సెంటర్లలో అంతకంటే పాత యంత్రాలు ఎన్నో ఇంకా చక్కగా నడుస్తున్నాయి. వాటిని తుక్కు కింద అమ్మేయకండి. విండోస్‌కు బదులు వేసుకోగలిగే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం లినక్స్‌తో చాలావాటిని మరికొన్నేళ్లు ధీమాగా వాడుకోవచ్చు. ఎటొచ్చీ లినక్స్‌లో వందల రకాలున్నాయి. వాటిలో ఏది ఎంచుకోవాలో తేల్చుకోవడమే కొత్తవారికి కష్టం.

మొదట మీ పనుల జాబితా రాయండి

ఏ సిస్టం మంచిదని అడిగే ముందు, మీరు రోజూ చేసే పనులను కాగితం మీద పెట్టండి. బ్రౌజర్, ఈమెయిల్, ఆన్‌లైన్ దరఖాస్తులు, యూట్యూబ్ పాఠాలు, ఉత్తరాలు, లెక్కల షీట్లు, ప్రోగ్రామింగ్ వంటివే అయితే నిశ్చింతగా ముందుకు వెళ్లండి.

కొన్ని పనులకు మాత్రం తొందరపడవద్దు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ సెంటర్లు ఆ కంప్యూటర్‌ను విండోస్‌తోనే ఉంచుకోవాలి. ట్యాలీలో ఖాతాలు రాసేవారికి, ఫొటోషాప్‌లో ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోలకు కూడా ఇదే నా సలహా. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్రల పరికరం వాడేవారు దానికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తయారీదారు సైటులో ముందే చూసుకోవాలి. పొట్ట పోషించే పనిని ప్రయోగానికి పెట్టకూడదు. ఇంట్లోని రెండో కంప్యూటర్‌తో మొదలుపెట్టండి.

యంత్రాన్ని చూడండి

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏ తరానిది, లోపల ఉన్నది హార్డ్ డిస్కా, అంతకంటే వేగమైన ఎస్ఎస్‌డీనా? ఈ మూడూ తెలిస్తే చాలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే, వీలైతే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. ఏ లినక్స్ ఎంచుకున్నారన్న దానికంటే ఆ మార్పుతో వచ్చే వేగమే ఎక్కువ.

నిలకడ అంటే ఎన్నేళ్ల మద్దతు ఉందో చూడండి

నిలకడైన సిస్టం అంటే ఒకసారి వేసుకున్నాక ఏళ్ల తరబడి మెనూలు, అలవాట్లు మారకుండా, భద్రతా లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు మాత్రం క్రమంగా అందేది. కొత్తవారు మిగతా గుణాలన్నిటికంటే ముందు దీన్నే చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఉబుంటు అనే లినక్స్ రకంలో రెండేళ్లకోసారి, ఏప్రిల్‌లో, ఎల్‌టీఎస్ అనే దీర్ఘకాలిక వెర్షన్ వస్తుంది. దానికి అయిదేళ్లు ఉచిత మద్దతు ఉంటుంది. 2024లో వచ్చిన 24.04కు 2029 దాకా అప్‌డేట్లు అందుతాయి. మధ్యలో వచ్చే వెర్షన్లకు తొమ్మిది నెలలే మద్దతు, వాటి జోలికి వెళ్లవద్దు. ఫెడోరా మంచిదే కానీ ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు పదమూడు నెలలే మద్దతు. డెబియన్ 1993లో మొదలైంది, నిలకడకు పెట్టింది పేరు. అయితే వేసుకున్నాక సర్దుకోవాల్సిన చిన్న పనులు కొన్ని ఉంటాయి. ఆర్చ్ వంటివి నిత్యం మారుతూనే ఉంటాయి కాబట్టి ఇప్పుడే వద్దు.

నన్నడిగితే మొదటిసారి వాడేవారికి లినక్స్ మింట్ చెబుతాను. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 పునాది మీదే తయారైంది, దానికీ 2029 దాకా మద్దతుంది. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి కాబట్టి విండోస్ అలవాటున్న వారు తడబడరు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, ఎనిమిది జీబీ ఉంటే సినమన్ ఎడిషన్ తీసుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. ఉబుంటుకు రాసిన పరిష్కారాలు చాలావరకు మింట్‌లోనూ పనిచేస్తాయి. బంధువుల్లోనో పక్కింట్లోనో ఎన్ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదువు చదివే పిల్లలుంటే, సందేహం వచ్చినప్పుడు వారిని అడగవచ్చు.

డిస్క్‌ను ముట్టుకోకుండా పరీక్షించండి

అసలు నిర్ణయం ఇక్కడే జరగాలి. మింట్ అధికారిక సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు (సిస్టం మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకోండి. ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేలడానికి, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో మీ ఫైలు సంఖ్యను పోల్చండి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో గానీ ఎచర్‌తో గానీ ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ తీసుకోండి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ మీట నొక్కాలి. లెనోవో, డెల్ కంప్యూటర్లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, మీ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారదు.

అలా నడుస్తుండగా వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుతురు చూడండి. మూత మూసి మళ్లీ తెరిచి చూడండి. వైఫై కనిపించకపోతే బెంగపడకండి. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, దాంతో డ్రైవర్ మేనేజర్ ద్వారా కావలసిన డ్రైవర్ తెచ్చుకోవచ్చు. ప్రింటర్‌ను తప్పక కలిపి ఒక పేజీ తీయండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు వెంటనే పలుకుతాయి. జిరాక్స్ సెంటర్లలో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900కు మాత్రం డ్రైవర్ విడిగా వేసుకోవాలి, అది కొత్తవారికి చిక్కు పనే.

తెలుగును కూడా పరీక్షించండి. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, లేఅవుట్స్‌లోకి వెళ్లి తెలుగును చేర్చి ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని టైపు చేయండి. ఒత్తులు సరిగ్గా కూర్చుంటే మిగతావీ కూర్చుంటాయి. ఇలా వచ్చేది ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్. డీటీపీలో యాపిల్ లేఅవుట్ నేర్చుకున్నవారికి ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకుంటే అదీ దొరుకుతుంది. మీ పాత వర్డ్ ఫైలు ఒకటి మింట్‌తో వచ్చే లిబ్రెఆఫీస్‌లో తెరవండి. గౌతమి, నిర్మల ఫాంట్లు విండోస్‌తో వచ్చేవి కాబట్టి ఇక్కడ ఉండవు, పేజీలు కాస్త జరుగుతాయి. మండలి, రామభద్ర వంటి ఉచిత తెలుగు ఫాంట్లు వేసుకుని సర్దుకోవచ్చు.

నచ్చాకే ఇన్‌స్టాల్ చేయండి

ఫొటోలు, సర్టిఫికెట్లు, ఫోన్ నంబర్లు అన్నిటినీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో చూడండి. విండోస్‌ను పక్కనే ఉంచుకోదలిస్తే డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, ఆ తర్వాతే మింట్‌ను దాని పక్కన వేయండి. డిస్క్ మొత్తం చెరిపే ఎంపిక దగ్గర ఒక్క క్షణం ఆగి మరోసారి చదవండి.

మింట్ వచ్చాక మొదటి పని అప్‌డేట్లు, రెండోది డ్రైవర్ మేనేజర్. ఆ వెంటనే మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ తెరిచి వారానికోసారి స్నాప్‌షాట్ (సిస్టం అప్పటి స్థితికి నకలు) తీసేలా పెట్టండి. ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే సిస్టం ముందురోజుల స్థితికి వెనక్కి వస్తుంది. టైమ్‌షిఫ్ట్ మామూలుగా మీ సొంత ఫైళ్లను దాచదు కాబట్టి, వాటి కాపీ ఎప్పుడూ వేరే డిస్క్‌లో ఉండాలి.