మిషన్ సేవకి (వేరే చోటికి వెళ్లి సువార్త చెప్పే సేవకి) బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

బ్యాగ్ సర్దే ముందే మోకరించండి, దయచేసి దీన్ని చివరికి పెట్టుకోవద్దు. బైబిల్లో అంతియొకయ పట్టణంలోని సంఘం బర్నబానీ సౌలునీ (ఈయనే పౌలు) సువార్త పనికి పంపే ముందు ఉపవాసముండి, ప్రార్థన చేసి, వాళ్ల మీద చేతులుంచి పంపింది (అపొస్తలుల కార్యములు 13:3), మనకి అంతకన్నా తొందరేం లేదు కదా.

వీసా, టీకాలు, రోజూ వేసుకునే మందులు ముందే రెడీ చేసుకోండి. దేవుడే చూసుకుంటాడులే అని వదిలేస్తే అది విశ్వాసం కాదు, అశ్రద్ధ.

ఒంటరిగా వెళ్లొద్దు, యేసు ప్రభువు 70 మంది శిష్యుల్ని ఇద్దరిద్దరిగానే పంపాడు.

టాలెంట్ మీదో టీమ్ సైజు మీదో ఆనుకోకండి. యుద్ధానికి వెళ్తున్న ఇశ్రాయేలు నాయకుడు గిద్యోను దగ్గరున్న 32,000 మందిని దేవుడు 300కి తగ్గించింది, మా బాహుబలంతోనే గెలిచాం అని వాళ్లు అనుకోకూడదనే. నేను మొదటిసారి ప్రసంగం మొత్తం బట్టీపట్టి వెళ్లాను, నిలబడగానే చేతిలో కాగితం వణికిపోయింది, ఒక్క ముక్క గుర్తురాలేదు, ప్రభువా నువ్వే మాట్లాడు అని లోపల ఏడ్చాక గానీ నోరు పెగల్లేదు. కాబట్టి బాగా ప్రిపేర్ అవ్వండి, ఆ ప్రిపరేషన్‌ని కూడా ఆయన చేతిలో పెట్టండి.

ఎవరితోనైనా మనస్పర్థలుంటే వెళ్లేలోపే ఫోన్ చేసి సరిచేసుకోండి.

మీకోసం రోజూ ప్రార్థించే ఇద్దరు ముగ్గురికి మీ ప్రయాణం డేట్లు రాసిచ్చి వెళ్లండి.