కేబుల్ సైజును లెక్కగట్టి ఎంచుకునే విధానం

కేబుల్ సైజు అంటే పైనున్న ప్లాస్టిక్ తొడుగు మందం కాదు. లోపలి లోహపు తీగ అడ్డుకోత వైశాల్యం. దానిని చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. చేతికి లావుగా తగిలే వైరులో రాగి సన్నగా ఉండవచ్చు కనుక చూపును నమ్మి కొనకూడదు.

ముందుగా లోడు, అంటే పరికరం తీసుకునే కరెంటు, లెక్కించాలి. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల మీద నడిచే 3,000 వాట్ల హీటరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు, పెడతాము. ఎంసీబీ రేటింగు లోడు కన్నా తక్కువ కాకూడదు, కేబుల్ మోయగల కరెంటు ఎంసీబీ రేటింగు కన్నా తక్కువ కాకూడదు.

చాలామంది పొరబడేది దీని తరువాతే. వైరింగుకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364-5-52 పట్టిక ప్రకారం, గోడ మీది పైపులో ఒంటరిగా వెళ్లే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి పీవీసీ వైరు 30 డిగ్రీల వేడిలో 24 ఆంపియర్లు మోస్తుంది. 13 ఆంపియర్లకు ఇది ధారాళమని అనిపిస్తుంది. అయితే అదే పైపులో మొత్తం మూడు సర్క్యూట్లు ఉంటే 0.70తోనూ, చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటే 0.87తోనూ ఆ సంఖ్యను హెచ్చించాలి. మిగిలేది 14.6 ఆంపియర్లే, అంటే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోకముందే వైరు తన హద్దు దాటిపోగలదు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 ఆంపియర్ల నుంచి అదే లెక్క కడితే 19.5 మిగులుతుంది. కనుక ఇక్కడ 4నే తీసుకోవాలి.

దూరం ఎక్కువైతే వోల్టేజి తగ్గుదల కూడా చూడాలి. దూరాన్ని మీటర్లలో తీసుకుని, పోను రాను రెండు తీగలు గనుక రెట్టింపు చేసి, ఆంపియర్లతోనూ, వేడెక్కిన రాగికి 0.021తోనూ హెచ్చించి, వైరు సైజుతో భాగించాలి. 40 మీటర్ల దూరానికి పై ఉదాహరణలో సుమారు 5.5 వోల్టులు, అంటే 2.4 శాతం వస్తుంది. దీపాలకు 3 శాతం, ఇతర లోడ్లకు 5 శాతం మించనివ్వకపోవడం మంచిది.

ఎంసీబీ పదేపదే పడిపోతోందని, వైరు మార్చకుండా పెద్ద ఎంసీబీ బిగించడం నేను చూసిన తప్పులన్నిటిలో ప్రమాదకరమైనది. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అలాంటి బోర్డు విప్పితే స్క్రూ దగ్గర తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోరు తగిలితే పెళుసుగా రాలిపోతుంది. అక్కడ ముందు సరఫరా ఆపి, లోడు మళ్లీ లెక్కగట్టి, వైరునే మార్పించాలి.