మనసు జబ్బులను గుర్తుపట్టడం – నాలుగో పాఠం: లక్షణం కంటే ముందు కాలం

"నిద్ర పట్టడం లేదు" అనే ఒక్క ఫిర్యాదు ఏయే జబ్బుల్లో కనిపిస్తుందో రాయమని మూడో పాఠం చివర అడిగాం. దాదాపు అన్నిటిలోనూ అన్నదే దానికి జవాబు. కుంగుబాటులో, ఆందోళనలో, ఉన్మాదంలో (హద్దులేని హుషారు పట్టే మేనియాలో), స్కిజోఫ్రీనియాలో, ఆఖరికి థైరాయిడ్ ఎక్కువైనా, తాగుడు హఠాత్తుగా మానేసినా నిద్ర చెడుతుంది. అందుచేత లక్షణాల జాబితా ముందు పెట్టుకొని టిక్కులు కొట్టుకుంటూ పోతే ప్రతి ఇంట్లోనూ నాలుగైదు జబ్బులు తేలతాయి. "మీలో ఈ పది లక్షణాలు ఉన్నాయా" అంటూ ఫోన్లలో తిరిగే పరీక్షల వల్ల జరిగేది అంతే. లక్షణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట జబ్బులను విడదీయడానికి ఎక్కువగా పనికివచ్చేది కాలం. ఎప్పుడు మొదలైంది, గంటల్లో ముదిరిందా నెలల్లో ముదిరిందా, రోజంతా ఒకే తీరుగా ఉంటుందా, మధ్యలో పూర్తిగా తేరుకున్న రోజులున్నాయా అనే నాలుగు ప్రశ్నలను ఈ పాఠంలో అభ్యాసం చేద్దాం.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలను, ఆ ఇళ్ళకు వెళ్ళే ఆశా కార్యకర్తలను, బడి పంతుళ్ళను దృష్టిలో పెట్టుకొని ఈ పాఠాలు సాగుతున్నాయి. జబ్బుకు పేరు పెట్టడం వైద్యుడి పని. ఆయన పేరు పెట్టగలిగేంత సరిగా జరిగినదంతా చెప్పడం మన పని.

తేదీ రాబట్టడం

"ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాడు?" అని అడిగితే "శానా రోజులైంది" అనో, "ఒక నెల" అనో జవాబు వస్తుంది. ఆ నెల లెక్క మీద ఆధారపడకూడదు. మనుషులు అంకెలను మరచిపోయినంత సులువుగా పండుగలను మరచిపోరు కాబట్టి పండుగల మీదుగా అడగాలి. సూరత్ మరమగ్గాల నుంచి తిరిగివచ్చిన కొడుకు ఒంటరిగా గొణుక్కుంటున్నాడని పర్లాకిమిడిలో ఒక తల్లి చెప్పిందనుకుందాం. "నెలనుంచమ్మా" అంటుంది. అప్పుడు ఇలా అడగండి: "సంక్రాంతికి అందరితో కూర్చుని తిన్నాడా అమ్మా? దసరాకి కొత్త బట్టలు కట్టుకున్నాడా? రథయాత్రకి బయటికి వచ్చాడా?" సంక్రాంతికి గొణుగుడు మొదలైందని, దసరాకే స్నానం మానేశాడని, రథయాత్ర నాడు నేస్తాలు పిలిచినా గది తలుపు తీయలేదని ఒక్కొక్కటే బయటికి వస్తుంది. నెల కాస్తా ఏడెనిమిది నెలలయింది. దానితోపాటు అనుమానించవలసిన జబ్బు కూడా మారిపోయింది. రాయగడలో మజ్జిగౌరమ్మ చైత్రోత్సవం, పల్లెల్లో నాట్లు, కోతలు, జీడి పంట ఇదే పనికి వస్తాయి. విన్నది విన్నట్టు ఒక కాగితం మీద గీత గీసి, ఎడమనుంచి కుడికి వరసగా రాసుకోవాలి.

గంటల్లో, రోజుల్లో ముదిరితే

ఈ పాఠంలో ఒక్క భాగమే గుర్తుంచుకునే ఓపిక ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు అయినవాళ్ళను గుర్తుపట్టక, లేనివి చూస్తూ, అర్థంలేని మాటలు మాట్లాడుతుంటే, వేరే కారణం తేలేదాకా దానిని ఒంటి జబ్బుగానే భావించాలి. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. మన పెద్దలు సంధి ప్రేలాపన అంటారు. కొరాపుట్, రాయగడ కొండ ప్రాంతాల్లో జ్వరంతో పాటు ఇది వచ్చిందంటే మెదడుకు ఎక్కిన ఫాల్సిపారం మలేరియా కావచ్చు. ముసలివారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, చక్కెర మందు వేసుకొని తిండి తినకపోవడం వల్ల వస్తుంది. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేసినా వస్తుంది. కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన వ్యక్తి మూడో రోజు రాత్రి వణుకుతూ, చెమటలు కక్కుతూ, దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని ఏరడం మొదలుపెడితే ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు. ఆఖరిసారి తాగి ఎన్ని రోజులైందని అడిగితే సంగతి తేలిపోతుంది: ఈ స్థితి సాధారణంగా తాగుడు ఆగిన రెండునుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది, చికిత్స అందకపోతే ప్రాణం తీస్తుంది.

దీనికి రెండు గుర్తులున్నాయి. మొదటిది, రోజులోనే హెచ్చుతగ్గులు. పొద్దున కాస్త తేరుకున్నట్టు కనిపించి, పొద్దు వాలేసరికి మళ్ళీ ముదురుతుంది. రెండోది, ధ్యాస నిలవకపోవడం. దీనిని పరీక్షించడానికి వారాల పేర్లు వెనకనుంచి చెప్పమనండి. ఆదివారం, శనివారం, శుక్రవారం దాకా వచ్చి, ఆగి, "ఏం చెప్తున్నాను?" అని గోడవైపు చూస్తే, లేదా మధ్యలోనే మగతలోకి జారితే, ధ్యాస చెడిందన్నమాట. బడిలో ఒడియా నేర్చుకొని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలను వారికి అలవాటైన భాషలోనే అడగాలి, లేకపోతే మనం పరీక్షించేది ధ్యాసను కాదు, భాషను. ఇటువంటి మనిషిని మానసిక విభాగం తెరిచే రోజుకోసం ఆపకుండా, గుణియా (భూతవైద్యుడి) దగ్గరికి ముందు తీసుకుపోకుండా, అదే పూట అత్యవసర విభాగానికి చేర్చాలి. మగతలో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇక పైన చెప్పిన సూరత్ కుర్రవాడిని చూడండి. అతనికి ఈరోజు ఏ వారమో తెలుసు, వారాలు వెనక్కి తడుముకోకుండా చెప్పగలడు, అమ్మను గుర్తుపడతాడు. కానీ పక్కింటివాళ్ళు తన ఆలోచనలు వింటున్నారని నమ్ముతాడు. ఎవరూ లేనప్పుడు ఇద్దరు తన గురించి మాట్లాడుకోవడం అతనికి వినిపిస్తుంది. నెలల తరబడి మనుషులకు దూరమై, శుభ్రత వదిలి, ఆ తర్వాత ఇటువంటి నమ్మకాలు, స్వరాలు నెలకు పైగా నిలిస్తే స్కిజోఫ్రీనియా అన్న అనుమానం బలపడుతుంది. ఇది ఎక్కువగా ఇరవైల అటూ ఇటూ వయసులో బయటపడుతుంది. డెలీరియంలో లేనివి కనిపించడం ఎక్కువ, ఇందులో లేనివి వినిపించడం ఎక్కువ; అయితే ఈ తేడా ధ్యాస, కాలం అంత గట్టిది కాదు.

ఇక్కడే పూనకం సంగతి కూడా చెప్పాలి. బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో అమ్మవారు పూనిన మనిషికి ఆ ఘట్టం ముగియగానే మామూలు స్పృహ వస్తుంది, మర్నాడు తన పనికి తాను పోతుంది, ఊరంతా దానిని ఆచారంగానే చూస్తుంది. అది జబ్బు కాదు. వైద్య వర్గీకరణలు కూడా సంప్రదాయం ఒప్పుకున్న పూనకాన్ని జబ్బుగా లెక్కించవు. అదే పూనకం పండుగతో నిమిత్తం లేకుండా, ఆమె వద్దనుకున్నా పదేపదే వచ్చి ఇంటిపనిని, నిద్రను చెడగొడుతుంటే వైద్యుడికి చూపించాలి.

వారాల లెక్క

కుంగుబాటుకు కనీసపు గడువు రెండు వారాలు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులు, లేదా ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, వాటితో పాటు ఆకలి, నిద్ర, ఓపిక, ఆత్మవిశ్వాసం తగ్గడం వంటివి కొన్ని ఉండాలి. మన ప్రాంతంలో "దిగులుగా ఉంది" అనేవాళ్ళు తక్కువ; ఒళ్ళు నొప్పులు, కడుపులో మంట, తల దిమ్ము అని మందుల కొట్టు చుట్టూ తిరిగేవాళ్ళే ఎక్కువ. ఆత్మీయులు పోయిన దుఃఖం అలలుగా వచ్చి పోతుంది, మధ్యలో మనుమడిని చూసి నవ్వు వస్తుంది. కుంగుబాటులో ఆ విరామం కనిపించదు, తాను పనికిరానివాడిననే భావం వదలదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే మనిషిని ఒంటరిగా వదలకుండా, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, అదే రోజు చూపించాలి. కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సంగతి చెప్పండి: ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షకు బదులు సంరక్షణ అందించాలని అది చెబుతోంది.

కుంగుబాటు అనిపించిన ప్రతి మనిషి విషయంలోనూ ఇంట్లోవాళ్ళను మరో ప్రశ్న తప్పక అడగాలి: "గతంలో ఎప్పుడైనా వారం రోజులపాటు రాత్రిళ్ళు సరిగా పడుకోకపోయినా అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, అప్పులు చేసి మరీ ఖర్చుపెడుతూ తిరిగాడా?" అవునంటే అది కుంగుబాటు, ఉన్మాదం రెండూ వేర్వేరు కాలాల్లో వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు. కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే అటువంటి మనిషి ఉన్మాదంలోకి మళ్ళే ప్రమాదం ఉంది కనుక ఈ పాత చరిత్ర వైద్యుడికి ఎంతో విలువైనది. మూడో పాఠం అభ్యాసానికి అసలు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఆందోళన ఉన్నవాడికి పడుకోగానే నిద్ర రాదు. కుంగుబాటు ఉన్నవాడు తరచుగా తెల్లవారకముందే మేలుకొని నీరసంగా పడి ఉంటాడు. ఉన్మాదంలో ఉన్నవాడికి నిద్ర అవసరమే అనిపించదు.

నిమిషాలు, నెలలు, ఏళ్ళు

గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానన్న భయం నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గిపోతే పానిక్ దాడి. నెలల తరబడి ప్రతి చిన్నదానికీ గాభరా పడుతూ ఉంటే ఆందోళన రుగ్మత. మొదటిసారి వచ్చిన గుండె దడకు ఈసీజీ తీయించకుండా మనసు మీదికి నెట్టకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దాటిన తర్వాత గజపతి కొండ గ్రామాల్లో వాన చప్పుడుకు ఉలిక్కిపడటం సహజమే. ఏ విపత్తు తర్వాతైనా నెల గడిచినా అవే పీడకలలు, ఆ దృశ్యం మళ్ళీ జరుగుతున్నట్టు కళ్ళముందు మెదలడం, ఆ చోటికి వెళ్ళలేకపోవడం తగ్గకపోతే చికిత్స కావాలి.

ముసలివారి మతిమరుపు ఏళ్ళ మీద మెల్లగా పెరిగి, అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అని కప్పిపుచ్చుకుంటే డిమెన్షియా వైపు చూడాలి. కొన్ని వారాల్లోనే మొదలై, "నాకేమీ గుర్తుండటం లేదు" అని తామే బాధపడుతుంటే కుంగుబాటు కావచ్చు. రెండింటిలోనూ థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించడం మంచిది.

గీసుకున్న కాగితాన్ని బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలకో, కొరాపుట్ వైద్య కళాశాలకో, జిల్లా ఆసుపత్రికో వెంట తీసుకువెళ్ళండి. వైద్యుడు ఒడియాలో అడిగినప్పుడు వెంట వెళ్ళినవారు రోగి చెప్పిన పది మాటలను రెండు మాటలు చేసి చెప్పేస్తుంటారు. కాగితం ఉంటే ఆ నష్టం తగ్గుతుంది. ఇంటినుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు తీసుకోరు.

అభ్యాసం

కింది ముగ్గురికీ ముందు కాలరేఖ గీయండి, ఆ తర్వాతే జబ్బు పేరు అనుమానించండి. ప్రతి ఒక్కరి విషయంలో ఇంకా ఏ ఒక్క ప్రశ్న అడగాలో కూడా రాయండి.

గుణుపురంలో అరవై ఎనిమిదేళ్ళ అవ్వ, నిన్న సాయంత్రంనుంచి చనిపోయిన భర్త గుమ్మంలో నిలబడ్డాడంటోంది. రెండు రోజులుగా మూత్రంలో మంట.

ఛత్రపురంలో ఇరవై రెండేళ్ళ డిగ్రీ విద్యార్థి, పది రోజులుగా రాత్రికి రెండు గంటలే పడుకుంటూ మూడు వ్యాపారాలకు బోర్డులు రాయించాడు; నిరుడు పరీక్షల ముందు నెలరోజులు మంచం దిగలేదు.

జయపురంలో ముప్పై అయిదేళ్ళ గృహిణి, తలుపు గడియ పెట్టానా లేదా అని రాత్రికి ఇరవైసార్లు లేచి చూస్తోంది. అది అనవసరమని ఆమెకే తెలుసు, ఆగలేకపోతోంది.

మూడో మనిషిది ఈ పాఠంలో చెప్పని జబ్బు. జవాబులతో పాటు దాని వివరం అయిదో పాఠంలో ఉంటుంది.