తాతగారి రైల్వే పెట్టె తెరిచారా? పాత కాగితాలు, వస్తువుల సమస్యలు - పరిష్కారాలు

రైల్వే వాళ్ళింట్లో అటక మీద ఒక ఇనుప పెట్టె ఉంటుంది. గార్డుగారిదైతే లైన్ బాక్సు, మిగతావాళ్ళదైతే ట్రంకు పెట్టె. అందులో పాత వర్కింగ్ టైమ్ టేబుళ్ళు, అట్ట టికెట్లు, చేతి లాంతరు, సెండాఫ్ గ్రూప్ ఫొటో, ఎవరికీ అర్థంకాని నాలుగు డ్రాయింగులు. పెద్దాయన పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెట్టె కిందికి దిగుతుంది. ఆ తర్వాత రెండు గంటల్లో జరిగే నష్టం, అంతకుముందు యాభై ఏళ్ళలో పురుగులు చేసిన నష్టం కంటే ఎక్కువ. పురుగులకు శుభ్రం చేద్దామనే ఆత్రం ఉండదు కదా.

ఈ ఆత్రంతో మా ఇంట్లో ఏం పోగొట్టుకున్నామో కింద చెప్తాను. ముందు ఒక్క పని చేయండి. ఏదీ కదపకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఏ కాగితం ఏ వస్తువు పక్కన ఉందో, ఏ కవరులో ఉందో కనిపించాలి. ఈ లెక్క ఒకసారి చెదిరితే మళ్ళీ కూర్చడం ఎవరివల్లా కాదు.

పెట్టె అడుగున గుండ్రటి రేకు డబ్బీలు కనిపించాయి

బూట్ పాలిష్ డబ్బా కంటే కాస్త చిన్నగా, పక్కలకు వంగే లోహపు పట్టీలతో ఉంటే అవి డిటోనేటర్లు కావచ్చు. పొగమంచులోనో, ప్రమాదం జరిగినప్పుడో వీటిని పట్టాల మీద బిగిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలి డ్రైవరును హెచ్చరిస్తాయి. గార్డు సామానులో ఇవి మామూలే. (2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మా వాళ్ళ నోట మాత్రం ఇంకా గార్డుగారే.)

పాతబడ్డాయి కాబట్టి పేలవనుకోకండి. లోపలి మందు ఏ స్థితిలో ఉందో పైకి తెలియదు. ముట్టుకోవద్దు, ఊపొద్దు. పిల్లల్ని బయటికి పంపి 112కో, రైల్వే 139కో ఫోన్ చేయండి. సంచిలో వేసుకుని ఆటోలో స్టేషనుకు తీసుకెళ్ళడం మాత్రం అస్సలు వద్దు. మిగతా పెట్టె సంగతి ఆ తర్వాతే.

ఇత్తడి బిళ్ళ తళతళలాడుతోంది, అక్షరాలు మాత్రం కనిపించడం లేదు

ఇది మా ఇంటి కథే. మా తాత కాజీపేటలో పోర్టరు. ఆయన కట్టుకునే ఇత్తడి బిళ్ళ మీద ఎన్.ఎస్.ఆర్. (నిజాం స్టేట్ రైల్వే) అనీ, కింద నంబరూ ఉండేవి. ప్రతి దసరాకీ మా అమ్మ పూజసామానుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేది. ముప్పై దసరాలయ్యాక నంబరులో చివరి అంకె పోయింది. అది మూడో ఎనిమిదో ఎవరూ చెప్పలేకపోయారు.

తోమిన ప్రతిసారీ పైపొర కొంత లోహం పోతుంది. పాలిష్ డబ్బాలో ఉండేది సన్నటి గరుకు పొడి. చింతపండు, నిమ్మకాయ పని ఇంకో రకం. వాటి పులుపుకి ఇత్తడిలోని జింకు కరిగి రాగి మిగులుతుంది. బిళ్ళ గులాబీ రంగుకు తిరిగిందంటే అదే కారణం. పోయిన లోహం తిరిగి రాదు.

ఇకనుంచి మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. నల్లబడిన పొర వల్ల బిళ్ళకు చెరుపు లేదు, ఉండనివ్వండి. అదే వస్తువు వయసు. పచ్చటి పొడి రాలుతుంటే మాత్రం తేమ తగులుతోందని అర్థం. పొడిచోటుకు మార్చండి. చెరిగిన అక్షరాలు చదవాలంటే చీకటి గదిలో టార్చి వెలుతురు బాగా ఏటవాలుగా వేసి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. కంటికి కనబడని గాడి నీడలో తేలుతుంది. మా బిళ్ళకు అదీ పనిచేయలేదనుకోండి.

తడిగుడ్డతో తుడవగానే రాత ఊదారంగులోకి పాకింది

పాత జర్నళ్ళలో (గార్డులు రైలు వివరాలు రాసే పుస్తకాలు), మెమోల్లో మామూలు పెన్సిల్‌లా కనిపించే రాత చాలావరకు కాపీయింగ్ పెన్సిల్‌ది. అందులో గ్రాఫైట్‌తో పాటు అనిలీన్ రంగు ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు, నీటిచుక్క తగిలితే ఊదా. చెరపడానికి వీల్లేదని ఆఫీసుల్లో ఇది వాడేవారు. చెరపలేం నిజమే, కానీ చెమటపట్టిన వేలితో అలికేయగలం.

పాకినదాన్ని వెనక్కి తేలేం. వెంటనే పొడి కాగితంతో అద్దండి, రుద్దొద్దు. మిగిలిన కాగితాలు పొడి చేతులతోనే పట్టుకోండి. లామినేషన్ చేయిస్తే భద్రం అనుకుంటారు. ఆ వేడీ, ఆ జిగురూ కాగితాన్ని శాశ్వతంగా పట్టేసుకుంటాయి. సెల్లోటేపుదీ ఇదే దారి. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, గోధుమరంగు మరక ఉండిపోతుంది. చిరిగిన కాగితాన్ని చిరిగినట్టే ఒక కవరులో పెట్టడం మేలు. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు మాత్రం తీసేయండి.

నీలం డ్రాయింగులు పసుపు తిరుగుతున్నాయి

వంతెనలు, యార్డులు, క్వార్టర్ల ప్లానులు నీలం మీద తెల్లగీతలతో ఉంటే అవి బ్లూప్రింట్లు. ఆ నీలానికి ఇనుముతో తయారైన ప్రష్యన్ బ్లూ ఆధారం. దానికి ఇద్దరు శత్రువులు, వెలుతురు ఒకటి, క్షారం ఒకటి. ఎండ తగిలితే నీలం పాలిపోతుంది. అలా పాలిపోయింది చీకట్లో పెడితే కొంతైనా తిరిగొస్తుంది. క్షారం తగిలితే పసుపు, గోధుమరంగులకు దిగిపోతుంది. మన ఇళ్ళలో క్షారం ఎక్కడిదంటారా? సున్నం కొట్టిన గోడ. సున్నపు గూట్లో గోడకు ఆనించిన చుట్టకు, గోడవైపున్న అంచే ముందు పోతుంది.

ఇక్కడే చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. పాత కాగితాలకు ఆమ్లం చెరుపు అని ఎక్కడో చదివి, క్షారం కలిపిన ఆర్కైవల్ కాగితం కొని తెచ్చి అందులో చుడతారు. మామూలు కాగితాలకు అది మంచిదే. బ్లూప్రింట్‌కు అదే విషం. దీనికి క్షారం కలపని, ఆమ్లం లేని సాదా కాగితం కావాలి. అది దొరక్కపోతే ఉతికి, సబ్బు లేకుండా బాగా జాడించి ఆరబెట్టిన నూలుగుడ్డ వాడండి.

తెల్లకాగితం మీద నీలమో నలుపో గీతలుంటే అవి అమ్మోనియా ప్రింట్లు. వాటినుంచి వచ్చే ఆవిర్లు పక్కనున్న బ్లూప్రింట్లనీ ఫొటోలనీ పాడుచేస్తాయి, కాబట్టి వేరే పెట్టెలో పెట్టండి. నూనెగుడ్డలా మెరిసే ట్రేసింగ్ క్లాత్ మరో రకం. అది గంజి పట్టించిన బట్ట. తడి తగిలితే గంజి కరిగి, గీతలతో సహా పోతుంది. ఒకే చుట్టలో ఈ మూడూ కలిసి ఉండటమే ఎక్కువ. విడదీసేటప్పుడు ఏది దేనితో ఉందో రాసిపెట్టండి.

మడతపెట్టిన డ్రాయింగు విప్పేటప్పుడు ఎదురు తిరిగితే ఆపేయండి. రాజమండ్రి హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసింది. అలాంటి వంతెనకు ఏ ఏడాది ఏ గర్డరు మార్చారో తెలిసేది ఇలాంటి కాగితాల్లోనే. కాబట్టి "పనికిరాని ప్లాను" అని మీకు మీరే తీర్పు చెప్పొద్దు.

వరదనీటిలో మొత్తం తడిసింది

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు చాలా ఇళ్ళలో మొదట మునిగింది కింది అరే. తడి కాగితానికి సుమారు 48 గంటల గడువుంటుంది. ఆ తర్వాత బూజు. ఎండలో పరిస్తే వంకర్లు పోయి రంగు వెలుస్తుంది. ఇస్త్రీపెట్టె జోలికి అసలు వెళ్ళొద్దు. నీడలో, ఫ్యాను గాలికి, అచ్చులేని తెల్లకాగితాల మధ్య పెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఆరబెట్టండి. ఒక్కరోజులో తెమలనంత ఉంటే పాలిథిన్ కవర్లలో కట్టి ఫ్రీజర్లో పెట్టేయండి. కుళ్ళడం అక్కడికి ఆగుతుంది. తర్వాత తీరిగ్గా కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు. బూజు పట్టినవి మాస్కు వేసుకుని, ఆరుబయట, పూర్తిగా ఆరాకే మెత్తని కుంచెతో దులపండి.

అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగొద్దు. అద్దంతో సహా స్కాన్ చేయించండి. పాత ఫిల్ము నుంచి వెనిగర్ వాసన వస్తుంటే అది కుళ్ళుతోందని అర్థం. మిగతా ఫిల్ములకు దూరంగా చల్లటిచోట పెట్టి, ముందు దాన్నే స్కాన్ చేయించండి.

చిన్నచిన్నవి

అట్ట టికెట్లు ఆల్బంలో జిగురుతో అంటించి ఉంటే పేజీతో సహా ఉంచేయండి. ఈ అట్ట టికెట్ల పద్ధతి ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ 1830లలో మొదలుపెట్టింది. వెడల్పు 57 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 30. క్లిప్పర్ కొట్టిన గాటు, తేదీ గుద్దు కూడా సమాచారమే. తెల్లబడుతున్న థర్మల్ టికెట్లకు మందు లేదు, ఇవాళే స్కాన్ చేయండి.

చేతి లాంతరుకు తుప్పు పడితే ఊడే పొడిని కుంచెతో తీసి, పల్చగా మైనం రాయండి. పాత రంగు గీకొద్దు. దాని కింద రెడ్ లెడ్ ఉండవచ్చు, ఆ సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బల్బు పెట్టడానికి రంధ్రం వేసిన లాంతరు షోకేసుకు బాగుంటుందేమోగానీ, మ్యూజియానికి అక్కర్లేదు.

చెదలకు గమాక్సిన్ చల్లడం, కాగితాల మధ్య చీమల చాక్‌పీసు గీయడం వద్దు. చెదలు గోడలో ఉన్నాయి, కాగితంలో కాదు. పెట్టెను గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా పెట్టండి.

మూడక్షరాలున్నాయి గానీ ఏ కాలందో తెలియడం లేదు

మన ప్రాంతంలో రైల్వే చాలాసార్లు చేతులు మారింది. వస్తువు మీది అక్షరాలే ఆ లెక్క చెప్తాయి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. ఆ తర్వాత నిజాం గ్యారంటీడ్ కంపెనీ నడిపింది, 1930లో నిజాం ప్రభుత్వం తీసుకున్నాక నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. బెజవాడ వైపు ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే) అని ఉంటే 1908కీ 1951కీ మధ్య. వాల్తేరు వైపు బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగపూర్ రైల్వే) అయితే 1952కు ముందు. పేరు మారినంత మాత్రాన పాత సామాను పారేయరు కాబట్టి, ఆ అక్షరాలు చెప్పేది తయారైన కాలమే, వాడిన కాలం కాదు.

ఇది మా ఇంట్లో ఉండటం నేరమా?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది భయపడతారు. ఆ భయంతోనే రాత్రికి రాత్రి తుక్కువాడికి వేసేస్తారు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, దొంగిలించిందనో అక్రమంగా సంపాదించిందనో సహేతుకంగా అనుమానించదగ్గ రైల్వే ఆస్తి మన దగ్గర ఉంటే, సక్రమంగా వచ్చిందని రుజువు చేసుకోవాల్సింది మనమే. అందుకే వేలం రసీదు, సెండాఫ్ కానుక ఇచ్చిన ఫొటో, సర్వీసు కాగితాలు వస్తువుతోనే ఉండాలి. టోకెన్లు, బ్లాక్ పరికరాల భాగాలు (రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి రెండు రైళ్ళు రాకుండా చూసేవి), ఇంజను నంబరు ప్లేట్ల విషయంలో రసీదు లేకపోతే దాచుకోవద్దు, లిఖితపూర్వకంగా రైల్వేకే అప్పగించి రసీదు తీసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు గుర్తుగా తీసుకెళ్తామంటే ఇంకో చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు దాటిన వస్తువులు, చారిత్రక విలువున్న పత్రాలైతే 75 ఏళ్ళు దాటినవి పురావస్తువులు. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అనుమానముంటే పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తెచ్చుకోండి. లేదా స్కాన్లు పంపండి, అసలు ఇక్కడుంచండి.

ఆఫీసులో పాత ఫైళ్ళు కట్టలు కట్టి తుక్కుకు పంపుతున్నారు

ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఇది. గది ఖాళీ చేయమని పైనుంచి ఒత్తిడి, ఏది ఉంచాలో చెప్పే మనిషి ఉండడు. కారణం ఇంతే, దుర్మార్గం ఏమీ లేదు. కానీ 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ రికార్డులన్నిటికీ వర్తిస్తుంది. పాతికేళ్ళు దాటిన రికార్డులను జాతీయ ఆర్కైవ్స్‌తో సంప్రదించి మదింపు చేయాలి. 1892కు ముందువైతే, ఇక ఎందుకూ పనికిరానంతగా పాడయ్యాయని ఆర్కైవ్స్ అధిపతి భావిస్తే తప్ప, నాశనం చేయకూడదు. ఉల్లంఘనకు ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. కాబట్టి గొడవపడకుండా, "రికార్డు ఆఫీసరుగారి అభిప్రాయం తీసుకుందాం" అని ఫైలు మీద ఒక్క నోటు పెట్టండి. నోటు పడిన ఫైలు బండెక్కడం కష్టం.

బ్రిటన్‌లో రైల్వేను ప్రైవేటుకు ఇచ్చేటప్పుడు ఇదే సమస్య వచ్చింది. 1996లో చట్టం చేసి, ఏ రికార్డు, ఏ వస్తువు జాతి కోసం ఉంచాలో పేరుపెట్టి ప్రకటించే అధికారం ఒక కమిటీకి ఇచ్చారు. 2013 నుంచి ఆ పని సైన్స్ మ్యూజియం గ్రూపు చూస్తోంది. పారేసే రోజు రాకముందే "ఇది ఉంచాలి" అని రాసిపెట్టడం అందులోని తెలివి. మన డివిజన్లలో కూడా ఇలాంటి జాబితా ఒకటి ముందే ఉంటే సగం టెన్షన్ పోతుంది.

ఇస్తామన్నా ఎవరూ తీసుకోవడం లేదు

లాంతర్లు మ్యూజియాల్లో బోలెడున్నాయి. ఎవరి లాంతరో తెలిసినవి తక్కువ. ఢిల్లీలో 1977 నుంచి ఉన్న జాతీయ రైలు మ్యూజియానికైనా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కైనా వస్తువు ఫొటోతో పాటు ఒక పేజీ రాసి పంపండి. ఎవరు వాడారు, ఏ స్టేషన్లో, ఏ ఏళ్ళలో, మీకెలా వచ్చింది, దానితో ఏ కాగితాలున్నాయి. పెద్దవాళ్ళు బతికుంటే ఫోన్‌లో వాళ్ళ మాట రికార్డు చేయండి. ఆ ఫైలును వాట్సాప్‌లోనే వదిలేయకుండా మూడు చోట్ల దాచండి.

మా బిళ్ళకు ఆ పేజీ రాయడానికి కూర్చున్నప్పుడే తాత పెట్టె అట్టల మధ్య ఒక చీటీ దొరికింది. సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. పక్కింటి మాస్టారు చదివిపెట్టారు. బిళ్ళ ఇచ్చినప్పుడు ఆఫీసువాళ్ళు రాసిచ్చిన చీటీ అది. చివరి అంకె ఎనిమిది. కింది వరుసలో, ఉద్యోగం మానేటప్పుడు బిళ్ళ తిరిగి అప్పగించాలి అనీ ఉంది. మా అమ్మ ఆ రెండో ముక్క విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బిళ్ళను పాత నూలు చీర ముక్కలో చుట్టి, ఈసారి తోమకుండా, చీటీతో కలిపి నా చేతికిచ్చింది.